ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు: తెలంగాణ విద్యార్థుల కోసం

మీరు అడిగినదాంట్లో రెండు వేర్వేరు పథకాలు కలిసిపోయాయి, అందుకే ముందు ప్రశ్నను ఒకసారి విడదీసి పెడతాను. మీరు బీసీ-డి, ఇల్లు గ్రామంలో. అబ్బాయికి ఎప్‌సెట్‌లో 24 వేల ర్యాంకు, ప్రైవేటు కాలేజీలో బీటెక్ సీటు వచ్చింది, ఏడాది ఫీజు 95 వేలు. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ 968 మార్కులతో పాసై బీఎస్సీలో చేరబోతోంది. మీసేవలో తీసుకున్న ఆదాయ పత్రంలో 1.80 లక్షలు అని ఉంది. పిల్లలిద్దరికీ ఫీజు వస్తుందా, అమ్మాయికి దానితోపాటు కేంద్రం స్కాలర్‌షిప్ కూడా పెట్టవచ్చా అన్నది మీ సందేహం.

ఆ పత్రం ఇలాగే ఉంటే రాష్ట్ర పథకం ఇద్దరికీ రాదు. బీసీ, ఈబీసీ (ఓసీల్లో ఆర్థికంగా వెనుకబడిన) విద్యార్థులకు తల్లిదండ్రుల వార్షికాదాయం గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. మీది గ్రామం, పత్రంలో 1.80. రాష్ట్ర పథకానికి దరఖాస్తు పెట్టే ఈపాస్ వెబ్‌సైట్‌లో మీసేవ నంబరు కొట్టగానే ఆ అంకె దానంతటదే వచ్చేస్తుంది, చేత్తో మార్చే వీలుండదు.

అయితే ఇక్కడే ఆగిపోకండి. ఆ 1.80లో ఏమేం కలిశాయో చూడండి. లెక్కలోకి రావలసింది తల్లిదండ్రుల ఆదాయం. ఇంట్లో ఉంటున్న తాతగారి పెన్షన్, పెళ్లికాని అన్న జీతం, బాబాయి కౌలు డబ్బులు అందులోకి రావు. మీసేవ ఫారంలో కుటుంబ ఆదాయం అన్న గడి కనిపించగానే ఇంటిల్లిపాదిదీ కలిపి రాసేస్తారు. ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణకు వచ్చినప్పుడూ అదే చెబుతారు, తహసీల్దార్ అదే అంకె మీద సంతకం పెడతారు. మీ విషయంలో అలా జరిగితే కొత్త దరఖాస్తు పెట్టి, తల్లిదండ్రుల ఆదాయం మాత్రమే ఆధారాలతో చూపించి పత్రం తీసుకోండి. అది సరిదిద్దుకోవడం, తప్పేమీ కాదు. నిజంగా మీ ఇద్దరి సంపాదనే 1.80 అయితే మాత్రం తగ్గించి రాయించవద్దు, పట్టణంలో బంధువుల చిరునామా పెట్టి 2 లక్షల పరిమితిలోకి దూరాలనీ చూడవద్దు. తప్పుడు వివరాలతో తీసుకున్నట్టు తేలితే మంజూరు రద్దవుతుంది, ఇచ్చింది వెనక్కి కట్టించుకుంటారు, తర్వాత ఏ పథకానికీ పనికిరాకుండా పేరు పక్కన పెట్టేస్తారు. ఆ దెబ్బ తగిలేది పిల్లలకు.

ఎస్సీ, ఎస్టీ కుటుంబాలవాళ్లు కూడా ఇది చదువుతారు కనుక ఒక మాట. కేంద్ర ప్రభుత్వ పోస్ట్ మెట్రిక్ పథకం మార్గదర్శకాల్లో వాళ్ల పరిమితి 2.5 లక్షలు. ఆ మార్గదర్శకాల్లో చాలామంది గమనించని వెసులుబాట్లు ఉన్నాయి. తల్లిదండ్రులు బతికి ఉంటే వాళ్ల ఆదాయమే చూడాలి, కుటుంబంలో మరెవరు సంపాదిస్తున్నా అది లెక్కలోకి రాదు. పెళ్లయి ఉద్యోగం లేని అమ్మాయికైతే భర్త ఆదాయం చూస్తారు. ఉద్యోగి అయిన తండ్రికి వచ్చే ఇంటి అద్దె భత్యంలో ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్న భాగాన్ని తీసేసి లెక్కించాలి. సంపాదించే తల్లి గానీ తండ్రి గానీ చనిపోవడంతో ఆదాయం పరిమితి లోపలికి వస్తే, ఆ మరణం జరిగిన నెల నుంచే విద్యార్థి అర్హుడవుతాడు. వచ్చే విద్యా సంవత్సరం దాకా ఆగనక్కరలేదు.

ఓసీ కుటుంబాల్లో మరో గందరగోళం. ఈడబ్ల్యూఎస్ పత్రం చేతిలో ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేస్తుందనుకుంటారు. ఈడబ్ల్యూఎస్ అన్నది 8 లక్షల పరిమితితో సీట్లలో, ఉద్యోగాల్లో ఇచ్చే 10 శాతం రిజర్వేషన్ కోసం. ఫీజు పథకంలో ఈబీసీ కింద రావాలంటే మళ్లీ ఆ 1.5, 2 లక్షల గీతే. పైగా ఈబీసీ విద్యార్థులకు ఇంటర్‌లో ఈ పథకం లేదు, ఆ పై చదువులకే వర్తిస్తుంది. బీసీల్లోనూ ఇలాంటిదే ఒకటి: తహసీల్దార్ ఇచ్చే మామూలు బీసీ కుల పత్రం వేరు, కేంద్ర సంస్థలు అడిగే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం వేరు. ఒకదాని చోట ఇంకొకటి జత చేస్తే దరఖాస్తు తిరిగి వస్తుంది.

ఇక సీటు సంగతి. నా దృష్టిలో ఆదాయం కన్నా ముందు చూడాల్సింది ఇదే. కాగితం తప్పుంటే దిద్దుకోవచ్చు, సీటు రకం తప్పుంటే దిద్దుకోలేం. మీ అబ్బాయి సీటు కన్వీనర్ కౌన్సెలింగ్‌లో వచ్చిందా, కాలేజీ నేరుగా ఇచ్చిందా అన్నది మీరు రాయలేదు. అలాట్‌మెంట్ ఆర్డర్ తీసి చూడండి. కన్వీనర్ కోటా సీటైతేనే పథకం. మేనేజ్‌మెంట్ కోటాకు, అంటే బీ కేటగిరీకి, రాదు. కౌన్సెలింగ్ అయిపోయాక మిగిలిన సీట్లకు కాలేజీలో పెట్టే స్పాట్ అడ్మిషన్లకూ రాదు. స్పాట్‌లో చేర్చుకునేటప్పుడు ‘స్కాలర్‌షిప్ సంగతి మేం చూసుకుంటాం’ అనే పీఆర్వోలు ప్రతి ఏడాదీ ఉంటారు, వాళ్ల మాటకు ఈపాస్‌లో విలువ లేదు. దూరవిద్యకు, పార్ట్‌టైమ్ కోర్సులకు కూడా ఈ పథకం లేదు.

కన్వీనర్ సీటు ఉన్నవాళ్లు కూడా ఒకచోట జారిపోతారు. చేరాక అదే కాలేజీలో మరో బ్రాంచికి మారాలనిపిస్తుంది. ఆ మార్పు కన్వీనర్ ద్వారా జరిగి కొత్త అలాట్‌మెంట్ ఆర్డర్ వస్తే ఇబ్బంది లేదు. కాలేజీ ఆఫీసులో కాగితం రాసిచ్చి మారితే ఈపాస్‌లో ఉన్న బ్రాంచి ఒకటి, యూనివర్సిటీ రోల్ నంబరులో ఉన్న బ్రాంచి ఇంకొకటి అవుతుంది, పరిశీలనలో ఆగిపోతుంది. మారేముందే ఆర్డర్ ఎవరిస్తారో అడగండి.

ఇప్పుడు డబ్బు లెక్క. ఆదాయ పత్రం సరిపడి, సీటు కన్వీనర్‌దే అనుకుందాం. బీటెక్‌లో బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఎప్‌సెట్ ర్యాంకు 10 వేల లోపు ఉంటే పూర్తి ఫీజు, దాటితే 35 వేల వరకు. ఎస్సీ, ఎస్టీలకు ర్యాంకుతో నిమిత్తం లేకుండా పూర్తి ఫీజు. మీ అబ్బాయిది 24 వేల ర్యాంకు, కాబట్టి 95 వేలలో 35 వేలు ప్రభుత్వం, మిగతా 60 వేలు మీరు. నాలుగేళ్లకు మీ చేతి నుంచి 2.40 లక్షలు. ఇది ట్యూషన్ ఫీజు మాత్రమే. యూనివర్సిటీ కామన్ సర్వీసెస్ ఫీజు, పరీక్ష ఫీజు, బస్సు, హాస్టల్ అన్నీ దీని బయటే. కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడే ఈ తీసివేత చేసుకుని ఉంటే మేలు. 95 వేల కాలేజీకీ 45 వేల కాలేజీకీ ప్రభుత్వం ఇచ్చేది ఒకటే 35 వేలు, తేడా మొత్తం తల్లిదండ్రుల మీదే పడుతుంది.

ఫీజు భాగాన్ని ఆర్‌టీఎఫ్ అంటారు, ఖర్చుల కోసం ఇచ్చేదాన్ని ఎంటీఎఫ్ అంటారు. ఎంటీఎఫ్ ఇంటి నుంచి వచ్చేవాళ్లకు ఒక రేటు, హాస్టల్లో ఉండేవాళ్లకు ఇంకో రేటు. బీసీ, ఎస్సీ, ఎస్టీ సంక్షేమ హాస్టల్లో ఉంటే ఆ డబ్బు హాస్టల్ ఖాతాకు పోతుంది. ‘నా ఖాతాలో పడలేదు’ అని తిరిగేవాళ్లలో కొందరి సమస్య ఇదే. దరఖాస్తులో డే స్కాలర్ అని పెట్టారా, కాలేజీ అనుబంధ హాస్టల్ అని పెట్టారా అన్నది కూడా ఒకసారి చూసుకోండి. ఎస్సీలకు 2021 నుంచి కేంద్రం సవరించిన పథకంలో ఈ భత్యం ఏడాదికి ఇలా ఉంది: ప్రొఫెషనల్ డిగ్రీ, పీజీలకు హాస్టల్లో ఉంటే 13,500, లేకపోతే 7,000. ఇంటర్, ఐటీఐ స్థాయికి 4,000, 2,500. అదే పథకంలో ఖర్చును కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి, కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది. ఆ డబ్బులో ఫీజు కూడా కలిసి ఉంటుందన్న సంగతి పిల్లలకు తెలియక ఫోన్లు కొనేస్తారు, తర్వాత కాలేజీ బాకీ చూపిస్తుంది. పడ్డ వెంటనే ఫీజు భాగాన్ని కాలేజీకి కట్టి రసీదు తీసుకోవాలి.

అమ్మాయి విషయానికొస్తే, రెండూ కలిపి తీసుకోవడం కుదరదు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఉండే కాలేజీ, యూనివర్సిటీ విద్యార్థుల కేంద్ర స్కాలర్‌షిప్ షరతుల్లో ఇది స్పష్టంగా ఉంది: రాష్ట్రాలు నడిపే స్కాలర్‌షిప్ గానీ, ఫీజు మినహాయింపు గానీ, రీయింబర్స్‌మెంట్ గానీ పొందుతున్నవాళ్లు అనర్హులు. కాబట్టి ఒకటి ఎంచుకోవాలి.

ఆ కేంద్ర పథకం ఇలా పనిచేస్తుంది. ఇంటర్ బోర్డులో తన గ్రూపులో పాసైనవాళ్లలో 80వ పర్సంటైల్ పైన ఉండాలి. అంటే 80 శాతం మార్కులు అని కాదు, తనకన్నా కింద నూటికి 80 మంది ఉండాలి. బోర్డు ఆ కటాఫ్ జాబితాను విడుదల చేస్తుంది, అందులో పేరు ఉందో లేదో చూసుకోవాలి. 968కి ఉంటుందనే అనుకోవచ్చు, కానీ ఊహించుకుని రాష్ట్ర దరఖాస్తు వదిలేయకండి, జాబితా చూశాకే నిర్ణయించండి. కుటుంబ ఆదాయం 4.5 లక్షలు దాటకూడదు, మీ 1.80 ఇక్కడ అడ్డం కాదు. రెగ్యులర్ డిగ్రీ కోర్సు కావాలి, డిప్లొమాకు, దూరవిద్యకు లేదు. దేశం మొత్తానికి ఏటా 82 వేల కొత్త స్కాలర్‌షిప్‌లు, అందులో సగం అమ్మాయిలకు. రాష్ట్రానికి వచ్చిన సంఖ్యను సైన్స్, కామర్స్, హ్యుమానిటీస్‌కు 3:2:1 నిష్పత్తిలో పంచుతారు. జాబితాలో పేరుండటం దరఖాస్తు పెట్టడానికి అర్హత మాత్రమే, మంజూరు మెరిట్ వరుసలో జరుగుతుంది. డిగ్రీ మూడేళ్లు ఏడాదికి 12 వేలు, పీజీలో 20 వేలు. ప్రతి ఏటా రెన్యువల్ చేసుకోవాలి, 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి.

మరి ఏది మేలు? ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో మామూలు బీఎస్సీ అయితే ఫీజు తక్కువ, అక్కడ 12 వేలు చేతికొచ్చే కేంద్ర స్కాలర్‌షిప్ బాగుంటుంది. ప్రైవేటు కాలేజీలో ఫీజు ఎక్కువున్న కోర్సుకు దోస్త్‌లో, అంటే డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల్లో, సీటు తెచ్చుకుంటే రాష్ట్రం ఆమోదించే ఫీజెంతో కాలేజీలో కనుక్కుని, దానికి ఎంటీఎఫ్ కలిపి, 12 వేలతో పోల్చండి. ఆదాయం 1.5 లక్షలు దాటుతుందని తేలితే ఇక ఆలోచనే లేదు, కేంద్రానిదే పెట్టండి. మీ కుటుంబానికి ఇదే ఎక్కువ అవకాశమున్న దారి అని నాకనిపిస్తోంది. ఒకవేళ అమ్మాయి ఇంజినీరింగ్‌కో పాలిటెక్నిక్‌కో వెళ్లి ఉంటే ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి) వారి ప్రగతి స్కాలర్‌షిప్ కూడా చూడమనేవాణ్ని: ఏడాదికి 50 వేలు, ఆదాయ పరిమితి 8 లక్షలు, ఒక కుటుంబంలో ఇద్దరు అమ్మాయిల వరకు. బీఎస్సీకి అది వర్తించదు.

జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ముందు ఓటీఆర్ (ఒక్కసారి చేసుకునే రిజిస్ట్రేషన్) నంబరు తీసుకోవాలి. ఆధార్‌తో, ముఖ గుర్తింపుతో అది వస్తుంది, చదువు కాలమంతా అదే నంబరు. దరఖాస్తు సమర్పించాక పని అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. మొదట కాలేజీ నోడల్ అధికారి, తర్వాత పై స్థాయి అధికారి, ఇద్దరూ పరిశీలించాలి. ‘డిఫెక్టివ్’ అని చూపిస్తే సరిదిద్ది మళ్లీ పంపే అవకాశముంది, గడువు లోపల చూసుకోవాలి. ‘రిజెక్టెడ్’ అని వస్తే ఆ ఏడాదికి ఆశ వదులుకోవడమే. కాబట్టి వారానికోసారైనా లాగిన్ అయి స్థితి చూడమనండి. కాలేజీలో ఆ పని చూసే గుమాస్తా ఎవరో చేరిన మొదటి వారంలోనే తెలుసుకోవడం ఇంకా మంచిది.

పేర్ల గొడవ మీకు తప్పకుండా ఎదురవుతుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం. లేదా మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో చివర. రెండూ కలవకపోతే ఈపాస్ ముందుకు పోదు. మార్చాల్సింది ఆధార్‌ను, మెమోను కాదు. మెమో మార్పు నెలల పని, అది మిగతా సర్టిఫికెట్లన్నిటికీ మూలం. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకని మెమో ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూసి చేయించండి. సెంటర్లో తొందరపడి తెలుగు స్పెల్లింగ్ తప్పు కొట్టినా ఒక అవకాశం పోయినట్టే. బ్యాంకు పాస్‌బుక్, ఇంటర్ మెమో కూడా అదే పేరుతో ఉండేలా చూడండి.

బ్యాంకు ఖాతాకు ఆధార్ ఇచ్చి ఉన్నాం కదా అంటారు. ఇవ్వడం వేరు, సీడింగ్ వేరు. ప్రభుత్వం వేసే డబ్బు ఖాతా నంబరు చూసి పోదు. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ జాబితాలో ఆ ఆధార్‌కు ఏ బ్యాంకు జోడించి ఉందో అక్కడికి పోతుంది. ఒక ఆధార్‌కు ఒక బ్యాంకే జోడించి ఉంటుంది, ఆఖరున సీడింగ్ అయినదే చెల్లుతుంది. మొబైల్ రీచార్జి దుకాణంలో పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరిపిస్తూ వేలిముద్ర వేయించుకుంటారు, దాంతో సీడింగ్ అటు మారిపోతుంది. డబ్బు అక్కడ పడి ఉంటుంది, విద్యార్థి అసలు ఖాతా చూసుకుని రాలేదని ఫిర్యాదు చేస్తుంటాడు. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంకు సీడింగ్ స్థితి కనిపిస్తుంది, దరఖాస్తుకు ముందు ఒకసారి, డబ్బు వచ్చే కాలంలో ఒకసారి చూడండి. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతా నిర్వహణలో లేనిదైపోతుంది. పూర్తి కేవైసీ లేని చిన్న ఖాతాల్లో నిల్వ 50 వేలు దాటకూడదన్న హద్దు ఉంది, ఫీజు డబ్బు అలాంటి ఖాతాలో పడక తిరిగిపోతుంది. పిల్లలిద్దరికీ విడివిడి ఖాతాలు, పూర్తి కేవైసీతో ఉండాలి.

చదువు మధ్యలో పోయే అర్హతలు కొన్ని ఉన్నాయి. హాజరు 75 శాతం తగ్గితే ఆగుతుంది. బ్యాక్‌లాగ్‌లు ఉన్నా పై ఏడాదికి ప్రమోట్ అయితే సాధారణంగా ఇబ్బంది రాదు, డిటెయిన్ అయితే మాత్రం మళ్లీ చదివే ఏడాది ఫీజు సొంత జేబు నుంచే. ఒక స్థాయి చదువు పూర్తయ్యాక అదే స్థాయిలో ఇంకొకటి చదివితే రాదు: బీఏ అయ్యాక బీకాం, ఒక పీజీ తర్వాత మరో పీజీ వంటివి. పాలిటెక్నిక్ తర్వాత లేటరల్‌గా బీటెక్ అంటే పై స్థాయి కాబట్టి సరే. ఒక కాలేజీలో చేరి దరఖాస్తు పెట్టి, మానేసి వేరేచోట చేరినవాళ్లు పాత దరఖాస్తును అక్కడి నుంచే రద్దు చేయించుకోవాలి. లేకపోతే అదే పదో తరగతి నంబరుతో కొత్తది తీసుకోదు. వేరే రాష్ట్రంలో చదివేవాళ్లు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను చదివే రాష్ట్రాన్ని కాదు, సొంత రాష్ట్రాన్ని అడగాలి.

ఈపాస్ దరఖాస్తుకు పెట్టుకోవాల్సినవి: పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, కుల పత్రం, ఆ విద్యా సంవత్సరానికి చెల్లే ఆదాయ పత్రం, గత ఏడేళ్ల బోనఫైడ్‌లు, టీసీ, అలాట్‌మెంట్ ఆర్డర్, ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ. ఆన్‌లైన్‌లో పెట్టాక ప్రింటు తీసి జతలతో సహా కాలేజీలో ఇవ్వాలి, ఇచ్చినట్టు రిజిస్టర్‌లో రాయించుకోండి. తర్వాత బయోమెట్రిక్ వేలిముద్ర. ఆ తర్వాతే కాలేజీ లాగిన్ నుంచి జిల్లా సంక్షేమ అధికారికి వెళుతుంది. మంజూరు ప్రొసీడింగ్స్ వచ్చినా ట్రెజరీలో బిల్లు పాసై డబ్బు పడేదాకా చాలా ఆలస్యమవుతుంది. ‘టోకెన్ పడింది’ అంటే బిల్లు వరుసలో ఉందని అర్థం, వచ్చేసిందని కాదు.

ఈలోగా కాలేజీ మొత్తం ఫీజు కట్టమని అడగవచ్చు. కడితే ఆ రసీదు మీద ఏ ఏడాది ట్యూషన్ ఫీజో స్పష్టంగా రాయించండి, రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి ఇస్తామని ఒక కాగితం తీసుకోండి. మాట మీద నడిపితే మూడో ఏడు వచ్చేసరికి ఏ సొమ్ము దేనిదో ఎవరికీ గుర్తుండదు. అబ్బాయి రెండో ఏడాది నుంచి ‘ఫ్రెష్’ కాదు, ‘రెన్యువల్’ పెట్టాలి, ప్రతి ఏడాదీ పెట్టాలి. ముందుగా ఈ వారంలో ఆ ఆదాయ పత్రం సంగతి తేల్చండి. కొత్త పత్రం వచ్చిన తర్వాతే ఈపాస్ తెరవండి. పాత నంబరుతో ఒకసారి సమర్పించారంటే దిద్దించుకోవడానికి జిల్లా ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.